సూపు బండి వెనకాల

ఆ శనివారం పొద్దున్న ఏడింటికి వంటింటి బల్ల మీద ఒక అట్టముక్క వెలిసింది. ఎర్ర గీతల మధ్య నీలం సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. లైబ్రరీ పక్కన సూపు బండి, పది పదిహేను. బయలుదేరుట, పది నలభై. స్టేడియం దగ్గర నూడుల్సు బండి, పది యాభై ఎనిమిది. పార్కు గేటు దగ్గర పాన్‌కేకుల బండి, పదకొండు నలభై. ఇల్లు చేరుట, ఒంటిగంట. అడుగున చిన్న అక్షరాలతో ఇంకో ముక్క: దారిలో తుమ్ములకూ, చెప్పులు సవరించుకోవడానికీ మూడేసి నిమిషాలు కలపడమైనది.

దాన్ని రాసినాయన సిటీ బస్సుల ఆఫీసులో పనిచేస్తాడు. ఏ బస్సు ఏ స్టాపుకి ఎన్ని గంటలకు రావాలో నిర్ణయించడం ఆయన ఉద్యోగం. ఆ వేళకు రాకపోవడం బస్సు ఉద్యోగం. ఆఫీసులో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు, వినబడదు. అందరూ టైంటేబుల్ అనే అంటారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అదే అంటుంది.

అత్తగారు మాత్రం "అల్లుడుగారూ" అని పిలుస్తారు. ఆవిడ ఒక కాలేజీ హాస్టలు వంటగదిని ముప్ఫయ్యేళ్ళు ఏలిన మనిషి. మూడువందల మందికి రెండు పూటలా వండించి, ఒక్కరి పళ్ళెంలో కూడా ఏమీ మిగలనివ్వని ఘనురాలు. నాలుగు నెలల కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. బ్రహ్మాండంగా జరిగిందన్నారు డాక్టర్లు. మోకాలు కూడా ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఆవిడే. మంచం మీంచి లేస్తే కిటికీ పక్క కుర్చీలోకి, కుర్చీలోంచి లేస్తే మంచం మీదికి. వ్యాయామం చేయించడానికి వచ్చే డాక్టరమ్మ నాలుగు అడుగులు వెయ్యమని బతిమాలితే, "నడిచి ఎక్కడికెళ్ళాలమ్మా? నా కోసం ఎవరు కాచుక్కూచున్నారు?" అనేవారు. మెల్లగా తిండి తగ్గింది, మాట తగ్గింది. చివరికి కూరలో ఉప్పెక్కువైందని తిట్టడం కూడా మానేశారు. కూతురికి అసలు భయం పట్టుకున్నది అప్పుడే.

అలాంటిది, మొన్న బుధవారం ఆవిడ పేపరు చదువుతూ చదువుతూ తలెత్తారు. "ఊళ్ళో లారీల్లో వండి అమ్ముతున్నారటనే. అందులో అంట్లు తోమిన నీళ్ళు ఎటు పోతాయీ?"

నాలుగు నెలల్లో ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసే కూతురు, చేతిలో తడిగుడ్డ అలాగే పట్టుకుని పక్కగదిలోకి పరిగెత్తి మొగుడి భుజం పట్టుకుంది.

"శనివారం అమ్మకి ఫుడ్ ట్రక్కులు తిప్పి చూపించండి. నాకు నాలుగింటిదాకా డ్యూటీ. మీరొక్కరే తీసుకెళ్ళాలి."

"ఎన్ని ట్రక్కులు?"

"అమ్మ ఎన్నంటే అన్ని. ఎండలో నిలబెట్టకండి, అలిసిపోనివ్వకండి, ఒంటరిగా వదలకండి. మధ్య మధ్య నేను ఫోన్ చేస్తా."

అట్టముక్క పుట్టుక వెనక ఉన్న సంగతి ఇదీ.

అంతా అనుకున్నట్టే మొదలైంది. పది పధ్నాలుగుకే కారు లైబ్రరీ పక్క వీధిలో ఆగింది. ఒక నిమిషం ముందొచ్చినందుకు టైంటేబుల్ ఛాతీ అంగుళం పెరిగింది. మడతకుర్చీ తీసి నీడలో వేసి, అత్తగారిని కూర్చోబెట్టి, చేతికర్ర పక్కన ఆనించి, సూపు తెచ్చి చేతికిచ్చాడు. పసుపు రంగు బండి అది. కిటికీలో టోపీ పెట్టుకున్నావిడ ఒక్కతే గరిటె తిప్పుతూ, ఉల్లిపాయలు తరుగుతూ, చిల్లర ఇస్తూ, మోచేత్తో చెమట తుడుచుకుంటూ రెండు చేతులతో ఆరు పనులు చేస్తోంది.

అత్తగారు ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఎలా ఉందండీ?" అన్నాడు అల్లుడు ఆశగా.

"ఉప్పు దించాక వేసింది. పైపైనే తేలుతోంది." హాస్టలు వంటగదిలో ఆ చివరికి వినబడటానికి అలవాటుపడ్డ గొంతు అది. బండి దాకా వినబడింది.

కిటికీలోంచి టోపీ బయటికొచ్చింది. "ఏం చెయ్యనమ్మా! సాయం చేసే ఆవిడ ఇవాళ రాలేదు. చేతులు చాలక ముందు వెయ్యడం మర్చిపోయాను."

"మర్చిపోతే మర్చిపోయావులే. రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టి చిదిపి వెయ్యి, సర్దుకుంటుంది. అది సరేగానీ, అంట్లు తోమిన నీళ్ళు ఎటు పోతాయమ్మా?"

"లోపలికి రండి, చూపిస్తా," అని నవ్విందావిడ.

టైంటేబుల్ గడియారం చూసుకున్నాడు. లోపలికి వెళ్ళి చూడటానికి అట్టముక్కలో చోటు లేదు. ఆ సంగతి మర్యాదగా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే వెనక నుంచి ఈల మోగింది. ట్రాఫిక్ ఆయన.

"ఎవరిదండీ ఆ కారు? అక్కడ పెట్టకూడదు. తియ్యండి, తియ్యండి!"

"రెండు నిమిషాల్లో వచ్చేస్తా అత్తయ్యగారూ. ఇక్కడే ఉండండి, కదలకండి," అన్నాడు టైంటేబుల్. నాలుగు నెలలుగా కదలని మనిషికి ఆ మాట అక్కర్లేదని తెలుసు. అయినా జాగ్రత్త కోసం అన్నాడు.

రెండు నిమిషాలు ఇరవై ఆరు నిమిషాలయ్యాయి. ఎడమకు తిరిగితే వన్ వే. కుడికి తిరిగితే రోడ్డు తవ్వేశారు. నేరుగా పోతే దారి తీసుకెళ్ళి వంతెన ఎక్కించింది. వంతెన ఎక్కినవాడు అవతలి ఒడ్డున దిగక తప్పదు. దిగి, తిరిగి, మళ్ళీ ఎక్కి, చివరికి నాలుగు వీధుల అవతల కారు పెట్టి రొప్పుతూ వచ్చేసరికి మడతకుర్చీ ఉంది. కుర్చీ మీద ఖాళీ సూపు కప్పు ఉంది. అత్తగారు లేరు. చేతికర్ర లేదు. బండి ఉండాల్సిన చోట బండంత ఖాళీ ఉంది.

పక్కనే వేయించిన బంగాళాదుంపల బండి ఉంటే అటు పరిగెత్తాడు.

"ఏమండీ, ఇక్కడ సూపు బండి..."

"వరసలో రండి సార్."

పదకొండు మంది వెనక నిలబడ్డాడు. వంతు వచ్చింది. "అమ్మా, సూపు బండి ఎటు పోయింది?"

"చిన్నదా, పెద్దదా?"

"పసుపుదండీ."

"పొట్లం సార్, పొట్లం. చిన్నదా, పెద్దదా?"

"...పెద్దది."

పొట్లం చేతిలో పడ్డాకే సమాధానం వచ్చింది. "పదకొండు దాటితే ఆ బండికి ఇక్కడ పర్మిషన్ లేదు సార్. శనివారాలు స్టేడియం దగ్గరికి పోతుంది. పెద్దావిడా? నేను చూళ్ళేదు. మా ఆయన చూశాడేమో, ఆయన నూనె తేవడానికి బజారుకెళ్ళాడు."

ఒక చంకలో మడతకుర్చీ, ఇంకో చేతిలో పొట్లంతో ఆయన కారు దాకా పరిగెత్తేసరికి ఫోను మోగింది. భార్య.

"అమ్మ ఎలా ఉంది?"

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెబుదామనే నోరు తెరిచాడు పాపం. కానీ భయపడ్డ నోరు యజమాని మాట వినదు. "బ్రహ్మాండంగా ఉన్నారు," అంది.

"ఓసారి ఇవ్వండి."

"నోట్లో బంగాళాదుంప ఉంది."

"తింటోందా?" భార్య గొంతు సంతోషంతో వణికింది. "తనే అడిగి తీసుకుందా?"

"పెద్ద పొట్లం."

ఫోను పెట్టేశాక ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ దుఃఖంలో పొట్లం మొత్తం ఖాళీ చేశాడు.

స్టేడియం గేటుకు తాళం. లోపల గడ్డి మారుస్తున్నారని బోర్డు. బయట ఒక్క నూడుల్సు బండే ఉంది, దాని వెనక గుబురు మీసాలాయన. ఊరికే ఆరా తీస్తే బాగుండదని టైంటేబుల్ ఒక ప్లేటు తీసుకుని, తింటూ సూపు బండి సంగతి అడిగాడు. మీసాలాయన మంచివాడు. వెంటనే సూపు ఆవిడకు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

"వండేటప్పుడు ఆవిడ ఫోనెత్తదు సార్. స్టేడియం మూసేశారుగా, పార్కు దగ్గర నిలిపిందేమో. అయినా ఎందుకంత కంగారు? ఏమైంది?"

"మా అత్తగారు పోయారండీ!"

మీసాలాయన గరిటె కింద పెట్టేశాడు. "అయ్యయ్యో! పోయారా?"

"అలా పోలేదు! కనబడటం లేదు. సూపు బండిలో పోయారు."

"సూపు బండిలోనే పోయారా! ఎప్పుడు సార్?"

"ఓ అరగంటైంది," అని టైంటేబుల్ కళ్ళు తుడుచుకున్నాడు. నూడుల్సులో మిరియాల పొడి ఎక్కువైంది. ఆ ప్లేటుకు డబ్బు తీసుకోవడానికి మీసాలాయనకు మనసొప్పలేదు. ఆ గౌరవం దేనికో టైంటేబుల్‌కు అర్థం కాలేదు. ఆలోచించే వ్యవధి కూడా లేకపోయింది, ఎందుకంటే ఫోను మళ్ళీ మోగింది.

"ఇప్పుడు నోరు ఖాళీయేనా? అమ్మకివ్వండి," అంది భార్య.

టైంటేబుల్ నాలుగు దిక్కులూ చూశాడు. బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని నూడుల్సు తింటోంది. వయసు సరిపోయింది. ఆయన ఫోనును చొక్కాకు అదిమిపెట్టి ఆవిడ ముందు వంగాడు.

"పిన్నిగారూ, ఒక్క ఉపకారం. 'నేను బాగానే ఉన్నాను' అని ఒక్క ముక్క చెప్పండి. ఎక్కువొద్దు."

మాట సాయం అడిగితే కాదనే మనిషి కాదావిడ. ఎక్కువొద్దంటే వినే మనిషి అంతకన్నా కాదు. ఫోను అందుకుని, "నేను బాగానే ఉన్నానమ్మా," అంది. అంతటితో ఇచ్చేస్తుందనుకుని టైంటేబుల్ చెయ్యి చాపాడు. ఆవిడ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "మోకాలా? మోకాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. నడుమే కాస్త పీకుతోంది. మా అల్లుడా? పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడనుకో. ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకున్నానో, మా అల్లుడు బంగారమమ్మా, బంగారం!"

అంతా చెప్పేసి, తృప్తిగా ఫోను తిరిగిచ్చేసింది.

"ఎవరావిడ?" అంది భార్య. "మా అమ్మ అలా అనదు. చచ్చినా అనదు. మా అమ్మ ఏదీ?"

టైంటేబుల్ పదిహేనేళ్ళ కాపురంలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఫోను ఆపేశాడు. కాస్సేపటికి కాదు, పూర్తిగా ఆపేసి కారు డాష్‌బోర్డులో పెట్టి మూత వేశాడు. ముందు అత్తగారిని వెతికి తెచ్చి, తరవాత కాళ్ళ మీద పడదామనుకున్నాడు.

పార్కు గేటు దగ్గర సూపు బండి లేదు. పాన్‌కేకుల బండి ఉంది. ఆయన నోరు తెరవకముందే ఆ బండావిడ గొంతు తగ్గించి, "సూపు కోసం వెతుకుతున్నారా? పొరపాటున కూడా తాగకండి సార్. పొద్దున్న ఎవరో పెద్దావిడ ఆ సూపు తాగి బండిలోనే పోయిందట," అంది.

మడతకుర్చీ ఎందుకు మోసుకొచ్చాడో టైంటేబుల్‌కే తెలీదు గానీ, అది ఉండబట్టి దాని మీద కూలబడ్డాడు. కళ్ళ ముందు కిటికీ పక్క కుర్చీ కనిపించింది. నా కోసం ఎవరు కాచుక్కూచున్నారని అడిగినప్పుడల్లా, 'మేం ఉన్నాం కదండీ' అని ఒక్కసారైనా అని ఉండాల్సింది. ఆ మాటకు అట్టముక్క కూడా అక్కర్లేదు. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. బండావిడ కంగారుపడి ఒక పాన్‌కేకు తెచ్చి చేతిలో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాడు.

"మీకు... మీకెవరు చెప్పారండీ?" అన్నాడు చివరికి.

"బళ్ళ వాళ్ళందరికీ ఫోన్లో ఓ గ్రూపు ఉంది సార్. నూడుల్సు ఆయన పెట్టాడు. పాపం ఆవిడ అల్లుడే వచ్చి, ఏడుస్తూ చెప్పాడట."

టైంటేబుల్ తినడం ఆపాడు. "అల్లుడు ఎలా ఉన్నాడట?"

"బట్టతలట. చంకలో మడతకుర్చీ పెట్టుకుని..." అంటూ ఆవిడ ఆయన్నీ, ఆయన కింద ఉన్న కుర్చీనీ చూసి ఆగిపోయింది.

అత్తగారు పోలేదు. ఆవిణ్ణి చంపింది తన నోరే. ఆ సంగతి తెలిశాక ఆయనకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. లేచి బండావిడ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "పోలేదమ్మా, పోలేదు! తప్పిపోయారంతే!" అని నవ్వుతూ, కుర్చీ మడిచి కారు వైపు పరిగెత్తాడు. ఆవిడ ఆయన వెళ్ళిన వైపే చాలాసేపు చూసి, ఫోను తీసి ఏదో టైపు చేసింది.

పసుపు బండి కోసం వీధులన్నీ గాలించి రైల్వే స్టేషన్ ముందు ఆమ్లెట్ల బండి దగ్గరికి చేరేసరికి రెండవుతోంది. పొట్టలో బంగాళాదుంపలూ నూడుల్సూ పాన్‌కేకూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆమ్లెట్లాయన ఆయన్ని చూశాడు. ఫోను చూశాడు. మళ్ళీ ఆయన్ని చూసి, చొక్కా జేబులో పెన్నులు లెక్కపెట్టాడు. పొయ్యి ఆపి, బండి దిగి, మెల్లగా, బెదిరిన లేడి దగ్గరికి వచ్చినట్టు వచ్చాడు.

"రండి సార్, కూర్చోండి. ఏం భయం లేదు. మీ పేరు గుర్తుందా?"

"నా పేరెందుకండీ? మా అత్తగారు..."

"దొరుకుతారు సార్, అందరూ దొరుకుతారు. ముందు ఈ ఆమ్లెట్ తినండి. ఎప్పుడనగా తిన్నారో ఏమో."

టైంటేబుల్ వద్దంటే వినలేదు. ఆయన ఒక ముక్క తుంచేలోగా ఆమ్లెట్లాయన అటు తిరిగి ఫోన్లో గుసగుసలాడాడు. "దొరికాడు... ఆ, బట్టతలే. మూడు పెన్నులూ ఉన్నాయి... తింటున్నాడు. తొందరగా రండి, మనిషి నిలకడగా లేడు."

భార్య పోలీసులకు చెప్పేసింది! ముసలావిణ్ణి నడిరోడ్డు మీద వదిలేసి, ఇంకో ముసలావిడ చేత అబద్ధం చెప్పించి, ఫోను ఆపేసి తిరుగుతున్న నేరస్థుడి కోసం ఊరంతా గాలిస్తున్నారు! ఆయన ఆమ్లెట్ కింద పెట్టి, కుర్చీ కూడా అక్కడే వదిలేసి, ఒక్క ఉదుటున పరుగు లంకించుకున్నాడు.

"అయ్యో, పారిపోతున్నాడు! ఎవరన్నా ఆపండి!"

ఆమ్లెట్లాయన అట్లకాడతో సహా వెంటపడ్డాడు. ప్లేట్లు పట్టుకుని తింటున్న నలుగురు ప్లేట్లతో సహా కలిశారు. టైంటేబుల్ జన్మలో అంత వేగంగా పరిగెత్తలేదు. కారు ఇంకో పది గజాలుందనగా, టింగు టింగుమని పాట పాడుకుంటూ ఒక ఐస్‌క్రీమ్ బండి వచ్చి అడ్డంగా ఆగింది. అందులోంచి గుమ్మం పట్టనంత మనిషి దిగి, ఆయన్ని చంకల కింద పట్టి ఎత్తి, ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టాడు.

"నేను ఇరవై ఆరు నిమిషాలే వదిలానండీ," అన్నాడు టైంటేబుల్ బొంగురు గొంతుతో. "అది కూడా వన్ వే మూలాన."

"అలాగే సార్."

"ఆ బెంచీ మీదావిడ ఎవరో నాకు నిజంగా తెలీదు."

"సరే సార్. ఇది పట్టుకోండి, కరిగిపోతుంది," అని ఆయన చేతిలో ఐస్‌క్రీమ్ పెట్టాడు. బండి టింగు టింగుమంటూ బయలుదేరింది. రోడ్డు మీద పిల్లలు చేతులూపారు. పోలీస్ స్టేషనుకు ఇలా పాటలతో తీసుకెళ్తారని టైంటేబుల్ ఎన్నడూ వినలేదు.

బండి ఆగింది ఆసుపత్రి వెనక గేటు దగ్గర. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఆ స్థితిలో కూడా ఆయన గడియారం చూశాడు. రెండు ఇరవై రెండు. తలెత్తి చూస్తే ఎదురుగా పసుపు బండి. బండి ముందు నర్సులూ, వార్డు వాళ్ళూ, రోగుల తాలూకు వాళ్ళూ మలుపు దాకా వరస. బండి కిటికీలో రెండు టోపీలు. ఒకటి సూపు ఆవిడది. రెండోదాని కింద, చేతిలో గరిటెతో, వరసలో ముందుకు తోసుకొస్తున్న ఎవరినో గదమాయిస్తూ అత్తగారు. నిటారుగా, రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నారు. చేతికర్ర గరిటెల పక్కన కొక్కేనికి వేలాడుతోంది.

"అల్లుడుగారూ!" ఆ గొంతు వీధంతా వినబడింది. "ఎక్కడికెళ్ళిపోయారండీ బాబూ! ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం!"

"ఈయనేనా అమ్మా? సరిగ్గా చూసి చెప్పండి," అన్నాడు ఐస్‌క్రీమాయన, టైంటేబుల్‌ని కొంచెం వెలుతురులోకి తిప్పి.

"ఈయనే. కాస్త ఉబ్బారు గానీ ఈయనే."

వరసలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

బండి పక్కన నిలబెట్టిన పలక మీద సుద్దతో పెద్ద అక్షరాలు కనిపించాయి. టైంటేబుల్ చదివాడు. తప్పిపోయాడు. మనిషి పొడుగు, బట్టతల, జేబులో మూడు పెన్నులు. దారి మర్చిపోయి ఉంటాడు. కనబడితే ఏదైనా తినిపించండి, ఆకలితో ఉంటాడు.

మెల్లమెల్లగా విషయం తెలిసింది. పదకొండు కొట్టేదాకా ఎదురుచూశారు. అప్పటికే అత్తగారు బండిలోపల కూర్చుని బంగాళాదుంపలు చిదిపేస్తున్నారు. బండి కదలక తప్పదు, పెద్దావిణ్ణి రోడ్డు మీద వదల్లేదు. స్టేడియం మూసేశారు కాబట్టి, ఆవేళ బండి ఎలాగూ పోయేది కూతురు పనిచేసే ఆసుపత్రికే. అందుకని, "బట్టతలాయన వస్తే, మీ అత్తగారు ఆసుపత్రి వెనక గేటు దగ్గరుంటారని చెప్పు," అని పక్కబండి ఆయనకు అప్పజెప్పి వెళ్ళారు. అతను నమ్మకంగా చెప్పాడు. మొదట కనబడ్డ బట్టతలాయనకు చెప్పేసి, నూనె కోసం బజారుకెళ్ళాడు.

"అది నేనేనండీ," అన్నాడు వరస పక్కన నిలబడి సూపు తాగుతున్న ఒక బట్టతలాయన, మొహమాటంగా. "మా అత్తగారు కాలం చేసి ఆరేళ్ళైంది. అయినా అంత కచ్చితంగా చెప్పాడు కదా, చూసిపోదామని వచ్చాను. సూపు బాగుందని ఆగాను."

"పోనీ మాకు తెలిసినవాళ్ళకి చెబుదామని గ్రూపులో మీ గుర్తులు పెట్టానా," అంది సూపు ఆవిడ, "ఈలోగా నా సూపు తాగి ఎవరో పోయారని ఎవడో పుట్టించాడు సార్! వాడెవడో దొరకాలి!"

టైంటేబుల్ తన బూట్ల వైపు శ్రద్ధగా చూసుకున్నాడు.

"దొరికితే ఓ దండ వేద్దామని," అంది ఆవిడ. "ఆ మాట విని ఆసుపత్రి ఆసుపత్రంతా చూడ్డానికొచ్చింది. వచ్చినవాళ్ళు తాగారు. తాగినవాళ్ళు మళ్ళీ వచ్చారు."

అప్పుడే గేటులోంచి తెల్ల యూనిఫాంలో భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. టైంటేబుల్ చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. ఆవిడ వచ్చి భుజం మీద ఒక్కటిచ్చింది. ఇంకోటివ్వబోయి, అదే భుజం గట్టిగా పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఫోను ఆపేస్తారా? ఎమర్జెన్సీ వార్డుకి మూడుసార్లు వెళ్ళి చూశాను, మిమ్మల్నేమన్నా తీసుకొచ్చారేమోనని. బండి ఇక్కడ ఆగాక అమ్మ నాకు ఫోన్ చేసింది, తనకి నోటికొచ్చిన నంబరు నాదొక్కటే. 'అల్లుడు కనబడటం లేదే' అని ఏడుపొక్కటే తక్కువ. ఇదిగో వినండి, ఊళ్ళో బళ్ళన్నిటికీ ఏం చెప్పిందో."

ఆవిడ ఫోన్లో అత్తగారి గొంతు మోగింది. "మా అల్లుడు కాస్త కంగారు మనిషి నాయనా. కనబడితే కసురుకోకండి. కూర్చోబెట్టి ఏదన్నా పెట్టండి. నాలుగు నెలలుగా నా కుర్చీ ఎండ ఎటు తిరిగితే అటు జరిపింది ఆయనే. మంచివాడు."

టైంటేబుల్ కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి అది మిరియాల పొడి వల్ల కాదు.

"చూశారా, బంగారమని అనలేదు," అంది భార్య ముక్కు తుడుచుకుంటూ. అంటూ అంటూ బండి వైపు చూసి, మాట మధ్యలో ఆగిపోయింది. ఇంతసేపూ మొగుడు దొరకలేదన్న గాభరాలో ఆవిడ చూడనిదొకటి అక్కడ కనబడింది.

"అమ్మా... ఎంతసేపట్నించి నిలబడ్డావే?"

అత్తగారు వంగి తన కాళ్ళను తనే చూసుకున్నారు. పొరుగువాళ్ళ కాళ్ళను చూసినట్టు చూశారు.

"అయ్యో," అన్నారు. "కూర్చోడం మర్చిపోయానే!"

కూతురు బండికి ఆనుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. టైంటేబుల్ కాలిబాట అంచున కూలబడి, పొద్దున్నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలాడు. అత్తగారు ఒక కప్పు నింపి కిటికీలోంచి చాపారు. పొట్టలో చెంచాడు చోటు లేదు. అయినా అందుకుని, ఆపకుండా తాగేశాడు.

"వచ్చే శనివారం సాయం చేసే ఆవిడ వచ్చినా సరే, మీరు రావాలమ్మా. మీ కోసం బండి ఆపి కాచుక్కూచుంటా," అంది సూపు ఆవిడ. అత్తగారు ఖాళీ గిన్నెలో నీళ్ళు పోసి తోమడం మొదలుపెట్టారు.

సూపు ఆవిడ తడిగుడ్డ తీసుకుని కిందికి దిగి, పలక మీద అల్లుడి గుర్తులన్నీ తుడిచేసి, ఆ చోటే ఇలా రాసింది: ఇవాళ్టికి అయిపోయింది.